పదికి నాలుగు వేసిన లోకేశ్వరి

మా లోకేశ్వరి పదో తరగతి లెక్కల పరీక్షలో నలభై ఒక్క మార్కులు తెచ్చుకుంది. ముప్పై అయిదు వస్తే గట్టెక్కినట్టే. అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. అంతకు ముందు రెండుసార్లు అదే లెక్కల్లో తప్పింది. ఫలితం తెలిసిన సాయంత్రం నేను మా రెడ్డియార్‌పాళయంలో ఇరుసప్పన్ మిఠాయి కొట్టుకు వెళ్ళి మైసూరుపాకు తూయించాను.

"నలభై ఒకటికా పెద్దాయనా ఇంత? తొంభై తెచ్చుకున్నోళ్ళ తాతలు గూడా పావు కిలోతో సరిపెట్టినారే" అన్నాడు ఇరుసప్పన్.

"ఆ తొంభై ట్యూషన్ మాస్టరుదప్పా. ఈ నలభై ఒకటి మా పిల్లదే. నువ్వు తూకం సరిగ్గా చూడు" అన్నాను.

వీధిలో ప్రతి ఇంటికీ పంచాను. అందరూ తిన్నారు. ఆ తిన్నవాళ్ళలోనే ఈ కథలో తర్వాత వచ్చే మనుషులు కూడా ఉన్నారు.

మన తెలుగువాళ్ళ సంఘం పత్రికలో ప్రతిసారీ మనవాళ్ళలో ఒకరి జీవితం రాసే పని నాది. నా చదువు దిండివనం దగ్గర పల్లెలో, తెలుగు బడిలో, అయిదో తరగతి దాకా. అయినా ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నూరు పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి ఇత్తడి చెంబు బహుమానం పుచ్చుకున్నవాణ్ణి. బియ్యం మండీ ముప్పై ఏళ్ళు నడిపాను. ఈ దామోదరన్ మండీలో తూకం తగ్గిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు మన కల్యాణ మండపానికి పైకప్పు వేయించాను. మన వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు గాని, తెలుగు అక్షరం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఇది అచ్చయ్యాక ఇంటింటికీ వెళ్ళి చదివి వినిపించేదీ నేనే. ఇంతకు ముందు ఇంజనీరు గురించి రాశాను, వాలీబాల్ ఆడి కప్పు తెచ్చిన అమ్మాయి గురించి రాశాను. ఈసారి ఒక ఆయమ్మ గురించి రాస్తున్నాను.

లోకేశ్వరి నా చెల్లెలి కూతురు. చెల్లెలు జబ్బుతో మంచాన పడ్డప్పుడు ఇంటి పనంతా ఈ పిల్ల మీద పడి, తొమ్మిదో తరగతిలో బడి ఆగిపోయింది. పెళ్ళయింది, భర్త మణికంఠన్ ముదలియార్‌పేటలో వెల్డింగు షాపులో పని చేస్తాడు, మంచివాడు, మాట తక్కువ. పిల్లలు కాస్త ఎదిగాక మా వీధి చివరనున్న నర్సరీ బడిలో ఆయమ్మగా చేరింది. చిన్నపిల్లల ముక్కులు తుడవడం, అన్నం తినిపించడం, తడిసిన నిక్కర్లు మార్చడం ఆమె పని. ఆ పని చేస్తూనే పదో తరగతి గట్టెక్కింది. ప్లస్ టూ మొదటిసారికే పాసైంది. బడి వార్షికోత్సవానికి ఎల్‌కేజీ పిల్లలందరికీ కోలాటం నేర్పించి, ఒక్కరు కూడా ఏడవకుండా వేదిక దించింది. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్ళు ఎల్‌కేజీ పిల్లల్ని ఎప్పుడూ వేదిక ఎక్కించి ఉండరు.

ఆ కోలాటం చూశాకే బడి నడిపే అమ్మగారు ఆమెతో అన్నారు: "నర్సరీ టీచరు డిప్లొమా తెచ్చుకో లోకేశ్వరీ. ఎల్‌కేజీ టీచరు పెళ్ళి చేసుకొని వెళ్ళిపోతోంది. వచ్చే జూన్‌కి ఆ క్లాసు నీకిస్తాను."

ఎల్‌కేజీ క్లాసు. ఆమెకు కావలసింది అదొక్కటే. తొమ్మిదేళ్ళుగా ఆ గది బయట చెప్పులు సర్దుతున్న మనిషి, లోపల బోర్డు దగ్గర నిలబడాలని కోరుకుంది.

డిప్లొమా ఆన్‌లైన్‌లో. తిరుచ్చిలోని ఒక కాలేజీది. పాఠాలు తమిళంలో, సెల్‌ఫోనులో వస్తాయి. ఒంటరిగా చదవడం ఆమెకు ఇష్టం లేదు. పక్కింటి వేదవల్లిని చేర్పించింది. వేదవల్లి ఆమె కంటే రెండేళ్ళు పెద్ద, చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం. వేదవల్లి భర్త కొట్టు మూతపడ్డప్పుడు ఆమెను అదే బడిలో ఆయమ్మగా పెట్టించింది కూడా లోకేశ్వరే. తర్వాత మా చిన్నకోడలు రుక్మణిని చేర్పించింది, వీధిలో మరో ఇద్దరిని చేర్పించింది. "అయిదుగురం ఒక్కసారే టీచరమ్మలమవుతాం చూడు మామా" అనేది నాతో.

ఆ కాలేజీ పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. వేలమంది చదివేచోట పంతులు ఒక్కడు ఎన్నని దిద్దగలడు? అందుకని ఒకరు రాసింది మరో ముగ్గురికి వెళుతుంది. రాసినవారి పేరు కనబడదు, దిద్దినవారి పేరు కనబడదు. ముగ్గురూ పదికి ఇన్నని వేసి, ఎందుకు వేశారో ఒక ముక్క రాయాలి. మూడూ కలిపి సగటు కడతారు. నాకు ఈ పద్ధతి వినగానే నచ్చింది. మా పల్లె బడిలో మేమూ పలకలు మార్చుకొని దిద్దుకునేవాళ్ళం. పక్కవాడి తప్పు చూసీ చూడనట్టు వదిలేస్తే, తప్పు రాసినవాడికి కాదు, వదిలినవాడికి పడేది బెత్తం. నాకు ఒక్కసారి కూడా పడలేదు.

మన ఆడవాళ్ళు ఆ పద్ధతిలో ఒక కిటుకు పట్టారు. అందరూ ఒకే నిమిషంలో పంపిస్తే, ఒకరివి ఒకరికే ఎక్కువగా వస్తాయి. దాంతో ఆదివారం సాయంత్రం వేదవల్లి మేడ మీద చేరడం, మురుకులు తింటూ ఫోన్లు పట్టుకోవడం, వేదవల్లి "ఒకటి, రెండు, మూడు, నొక్కండే!" అనడం, అందరూ కలిసి నొక్కడం. పేరు దాచినా ప్రయోజనం లేదు. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపేవాళ్ళు కాబట్టి చేతిరాత కనిపిస్తుంది. ఎవరిది ఎవరికి వచ్చినా పదికి పది. ఇందులో తప్పేముందని రుక్మణి మా ఇంట్లోనే అంది. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను మన ఇళ్ళలో ఖాళీగా తిరిగి పంపం. గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతాం. మార్కులను కూడా ఆ గిన్నెల్లాగే చూశారు వాళ్ళు.

లోకేశ్వరి కూడా మేడ మీద కూర్చుని నొక్కేది. కానీ దిద్దడం మాత్రం ఇంటికి వచ్చి, అన్నాలయ్యాక, చదివి దిద్దేది. ఆమె వంతుకు మొదట్లో పరాయి ఊళ్ళవాళ్ళవే వచ్చాయి కాబట్టి ఏ గొడవా లేదు. ఒక వారం, ఒక పిల్లవాణ్ణి గమనించి వాడు ఎలా ఆడుకుంటాడో రాయమన్నారు. ఆమెకు వచ్చిన మూడింటిలో ఒకటి వేదవల్లిది. అది చదివి, ఫోను తీసుకొని మా ఇంటికే వచ్చింది.

"మామా, ఈ పిల్లోడు పొద్దున్నే లేచి మంచుతో ముద్దలు చేసి చెల్లెలి మీద వేస్తాడంట."

"ఏ ఊరు పిల్లోడే?"

"రెడ్డియార్‌పాళయం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎక్కడో ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫోనే తమిళం చేసి ఇస్తే, చదవకుండా దించేసింది వేదవల్లి. నవ్వు ఆగాక లోకేశ్వరి ముఖం మారిపోయింది.

"పది యెట్ల వేసేది మామా? చేతిరాత బాగుండాది. అడిగినంత పొడుగు రాసింది. దానికి నాలుగు వేస్తా."

"నాలుగు ఎక్కువే" అన్నాను నేను.

నాలుగు వేసింది. కింద ఒక ముక్క రాసింది. ఆ ముక్క దగ్గరే చేసింది పొరపాటు. పేరు తెలియని మనిషికి రాసినట్టు రాయాలి గదా? పెద్దదాన్ని పెద్దదానిగా పిలవకుండా మాట మొదలుపెట్టడం ఆమెకు చేతకాలేదు. "అక్కా, ఇది మీరు చూసి రాసింది కాదు. మన బడి పిల్లల్ని చూసి మీరు రాస్తే ఎంతో బాగుంటుంది" అని రాసింది.

తర్వాతి ఆదివారం మేడ మీద వేదవల్లి ఆ ముక్కను అందరికీ చదివి వినిపించింది. అక్కడ జరిగింది నాకు లోకేశ్వరీ చెప్పింది, రుక్మణీ చెప్పింది. ఇద్దరూ చెప్పినదానిలో తేడా లేదు.

"యాడో మదురైలో ఉండేదానికి నేను అక్క అని యెట్ల తెలిసిందే? మన బడి పిల్లలు అని యెట్ల తెలిసింది?" అంది వేదవల్లి.

"నేనే అక్కా వేసింది" అంది లోకేశ్వరి.

"అబ్బో, ఒప్పుకుంటా ఉండాది చూడండే! నీకి నేను పది పంపితే నువ్వు నాలుగు పంపుతావా? గిన్నె ఖాళీగా పంపినావు గదే!"

"నాకి వచ్చినదాంట్లో తప్పుంటే నాకీ నాలుగు వెయ్యక్కా. నేనేమీ అనుకోను."

"తల్లీ, ఇంకా టీచరమ్మ కాలేదు, అప్పుడే బెత్తం పట్టుకుంది" అన్నది వేదవల్లి. అందరూ నవ్వారు. రుక్మణి కూడా నవ్వింది.

ఆ తర్వాత రెండు నెలలు లోకేశ్వరి మేడ ఎక్కలేదు. తనకు వీలైనప్పుడు ఒక్కతే పంపుకునేది. ఆమెవి పరాయివాళ్ళకు వెళ్ళేవి. ఏడు వచ్చేవి, ఎనిమిది వచ్చేవి, ఒకసారి అయిదు కూడా వచ్చింది. వాళ్ళు ఎత్తిచూపిన తప్పుల్ని వంటింటి గోడ మీద సుద్దతో రాసుకొని నేర్చుకుంది.

ఆఖరి ప్రాజెక్టు వచ్చింది. నెల రోజులు ఒక పిల్లవాణ్ణి చూసి రాయాలి. దీనిలో సగం మార్కులు రాకపోతే, పరీక్ష బాగా రాసినా డిప్లొమా లేదు. లోకేశ్వరి పిళ్ళైచావడి నుంచి వచ్చే ఒక జాలరి పిల్లవాడి గురించి రాసింది. వాడు బడిలో సంచి దింపేవాడు కాదు. భుజానికి తగిలించుకొనే అన్నం తినేవాడు, భుజానికి తగిలించుకొనే నిద్రపోయేవాడు. ఆ సంచిని వాడు మొదట ఎవరి చేతికి ఇచ్చాడు, తర్వాత ఎక్కడ పెట్టాడు, చివరికి ఏ రోజున మరిచిపోయి ఆటకు పరిగెత్తాడు, అంతా రాసింది. నేను చదివాను. నాకు తమిళం చదవడం కూడా వచ్చు. అక్కడక్కడ చెప్పిందే మళ్ళీ చెప్పింది గాని, ఆ పిల్లవాడు నా కళ్ళ ముందు నిలబడ్డాడు.

పంపే ముందు రోజు వేదవల్లి లోకేశ్వరి ఇంటికి వచ్చింది. సేమియా పాయసం తెచ్చింది.

"ఏమే లోకా, ఇంకా కోపమేనా? సుమ్మా ఊరికే ఒక మాటన్నాను, దానికి మేడే ఎక్కనంటావా? రేపు రా. ఆఖరిది గదా, అందరం కలిసి పంపుదాం."

లోకేశ్వరి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆ పాయసం నాకూ ఒక గ్లాసు తెచ్చి ఇచ్చింది. "వేదవల్లక్క మనసులో ఏమీ లేదు మామా. నేనే ఎక్కువ అనుకున్నా" అన్నది. మరునాడు మేడ మీదికి వెళ్ళి, వాళ్ళు ఒకటి రెండు మూడు అంటే వాళ్ళతో పాటు నొక్కి వచ్చింది.

ఏప్రిల్ చివర ఫలితాలు వచ్చాయి. రాతపరీక్షలో మన వీధిలో అందరి కంటే ఎక్కువ లోకేశ్వరికే. ప్రాజెక్టులో ఒకటి, ఒకటి, రెండు. ముగ్గురూ రాసిన ముక్క ఒక్కటే: "బాగా లేదు."

ఆమె ఏడవలేదు. ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, నిజం చెప్పు. నువ్వు చదివినావు గదా. అంత చెడ్డగా ఉండాదా? నా మీద జాలితో బాగుందన్నావా?"

నా డెబ్బై నాలుగేళ్ళలో నన్నెవరూ అంతటి ప్రశ్న అడగలేదు. నేను జవాబు చెప్పేలోగా, దోసెలు పోస్తున్న రుక్మణి అట్లకాడ పక్కన పెట్టి వచ్చింది.

"వదినా, నీ రాత బాగానే ఉండాది" అన్నది. "నువ్వు దిగి పోయినాక మేడ మీదనే వేదవల్లక్క చెప్పింది, ఎవరికి వచ్చినా ఒకటి వెయ్యమని. నాకి వచ్చింది. అందరూ ఒకటి వేసినారు. నేను రెండు వేసినా."

రెండు వేయడం తను చేసిన మేలన్నట్టు చెప్పింది. పెనం మీద దోసె మాడుతోంది. ఎవరూ తీయలేదు.

"రెండు వేసినావా రుక్మణీ" అన్నది లోకేశ్వరి. చెప్పులేసుకొని వెళ్ళిపోయింది.

మా ఇంటి సంగతి దాచిపెట్టి పొరుగింటి సంగతి రాయడం నాకు చేతకాదు, అందుకే ఇదీ రాశాను. నా ఇంట్లో, నా చేతి మీదుగా కాపురానికి వచ్చిన కోడలు, నా చెల్లెలి కూతురికి ఆ పని చేసింది. రుక్మణి వడ్డించిన అన్నం తింటున్నాను. మాట మాత్రం లేదు.

ఆ కాలేజీకి ఇక్కడ ఒక చిన్న ఆఫీసు ఉంది. మరునాడు ఇద్దరం వెళ్ళాం. ఆ అధికారి భీమశంకరం గారు యానాం మనిషి. మేం తెలుగులో మాట్లాడేసరికి కుర్చీలు తానే లాగి వేశారు.

"మీరు చెప్పేది నిజమేనండి, నమ్ముతున్నాను. ఒకటీ ఒకటీ రెండూ అంటేనే తెలిసిపోతోంది గదండీ. కానీ నేను మార్చలేనండి. రెండు దారులున్నాయి. ఒకటి, ప్రాజెక్టు మళ్ళీ పంపుకోవచ్చు. పది రోజుల్లో తేలిపోతుంది. అదీ ముగ్గురు విద్యార్థులే దిద్దుతారు."

"రెండోది?" అన్నది లోకేశ్వరి.

"తిరుచ్చి వెళ్ళాలండి. కాలేజీ వాళ్ళకి అక్కడ సొంత నర్సరీ ఉంది. జూన్‌లో మూడు వారాలు పిల్లల దగ్గర పని చేసి, కొత్తగా రాయాలి. టీచరు ఎదురుగా కూర్చుని దిద్దుతారు, అడుగుతారు. ఎవ్వరూ వెళ్ళరండి దానికి. కష్టం. ఫెయిలైనా ఫెయిలే, మళ్ళీ అవకాశం ఉండదు."

ఇంటికి వచ్చేసరికి వేదవల్లి మా అరుగు మీద కూర్చుని ఉంది. సంగతి అప్పటికే పాకింది.

"ఏందప్పా, ఆఫీసుకి పోయి పితూరీ చెప్పి వచ్చినారా?" అన్నది నవ్వుతూనే. "లోకా, కోపంలో ఏదో చేసినాం. ఇప్పుడేమైంది? మళ్ళీ పంపించు. మేమూ నీతో పాటు మళ్ళీ పంపుతాం, మేడ మీద నుంచే. ఈసారి ముగ్గురం పదికి పది. బడి తెరిచేలోగా కాయితం నీ చేతిలో ఉంటాది."

"అక్కా, ఒక్కటి అడగనా? ఒకటి వేసే ముందు చదివినావా?"

"ఏంది?"

"నేను రాసింది. ఆ సంచి పిల్లోడి గురించి. చదివినావా?"

"చదివేదానికి ఏముండాదే అందులో? మన బడి పిల్లోడే గదా, నేను రోజూ చూస్తా ఉండానే."

"అయితే పది వేసేటప్పుడు గూడా చదవవు."

"పది వేస్తానంటే గూడా తప్పేనా తల్లీ! నిన్ను మెప్పించేదెట్లా?"

"ఒకటి నువ్వు వేసిందే, పది నువ్వు వేసేదే. రెండింట్లో నేను రాసింది యాడుండాదక్కా?"

వేదవల్లి లేచి నిలబడింది. "నీ గొప్ప నువ్వే పెట్టుకో. బడి తెరిచినాక ఏడిస్తే మమ్మల్ని అనొద్దు" అంటూ వెళ్ళింది.

నేను కూడా ఆ రోజు లోకేశ్వరికి ఒకసారి చెప్పి చూశాను. తిరుచ్చికి వెళితే జూన్ అంతా పోతుంది, ఆ క్లాసు పోతుంది అన్నాను. "పోతే పోనీ మామా. వాళ్ళిచ్చిన పదితో ఆ గదిలోకి పోయి, పిల్లల పలకల మీద తప్పు, రైటు ఏ ముఖంతో వేసేది?" అన్నది.

బడి అమ్మగారి దగ్గరికి నేనే వెళ్ళాను. ఒక్క నెల ఆగమని అడిగాను. కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే ఇవ్వగలనన్నారు. కాగితం వేదవల్లి చేతిలో ఉంది. ఆన్‌లైన్‌లో ఆమె ప్రాజెక్టుకు పదికి పది. బడి తెరిచిన రోజు కొత్త చీర కట్టుకొని ఎల్‌కేజీ బోర్డు దగ్గర నిలబడింది వేదవల్లే. ఆ ఉద్యోగంలో పెట్టించిందెవరు, ఆ కోర్సులో చేర్పించిందెవరు, ఆమెకు గుర్తున్నాయో లేదో నాకు తెలియదు. నాకు గుర్తున్నాయి కాబట్టి ఇక్కడ రాశాను.

అదే వారం లోకేశ్వరి తిరుచ్చి బస్సు ఎక్కింది. మణికంఠన్ సంచి పట్టుకొని బస్టాండుకు వచ్చాడు. "పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వు బాగా రాయి" అన్నాడు. నేను విన్నంతలో అతను అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

మొదటి వారం అయ్యాక ఫోను చేసింది. గొంతు విని ఏదో మంచి జరిగిందనుకున్నాను.

"మామా, మొదటి వారం రాసిందానికి పదికి అయిదు వేసినారు!"

"అయిదేనా?"

"అయిదే మామా! చెప్పిందే మళ్ళీ చెప్తా ఉండావు అన్నారు. పిల్ల ఏడ్చింది అని రాసినావు, ఎందుకేడ్చిందో నువ్వు ఊహించినావా, చూసినావా అని అడిగినారు. నాకు జవాబు తెలియలా. ప్రతి పేజీలో గీతలు గీసినారు మామా. ప్రతి పేజీలో! మొత్తం చదివినారు మామా!"

రెండో వారానికి ఆరున్నర వచ్చింది. మూడో వారం పూర్తి కావాలి, ఆపైన టీచరు ఎదుట కూర్చుని జవాబులు చెప్పాలి. ఆరున్నర నిలిస్తే డిప్లొమా వచ్చినట్టే; ఎల్‌కేజీ గది మాత్రం రాదు. ఆయమ్మ పనికి తిరిగి ఆ బడికి వెళ్ళనని మణికంఠన్‌తో చెప్పిందట. ముదలియార్‌పేటలో కొత్తగా తెరిచే ఒక నర్సరీ వాళ్ళు, కాగితం తీసుకొని వస్తే మాట్లాడదామన్నారు. అంతకు మించి మాట ఇవ్వలేదు.

ఆఖరి పరీక్ష ఈ నెల ఇరవై ఏడో తేదీ, శనివారం. లోకేశ్వరి తిరిగి వచ్చేది జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం. ఆ ఫలితం తెలియకముందే ఇది రాసి అచ్చుకు ఇస్తున్నాను.